దాళ్వా ఎండ, ట్రక్కు టైరు

గోదావరి డెల్టాలో ధాన్యం కళ్లం నుంచి రైసుమిల్లుకు, ఇసుక ర్యాంపు నుంచి ఇల్లు కట్టే చోటికి, ఇటుక బట్టీ నుంచి వీధి మలుపుకు చేరే ప్రయాణంలో అధిక భాగం ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కు మీదే సాగుతుంది. లారీ దిగలేని పుంతల్లోకీ, రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి తగ్గక తప్పని కాలువ గట్ల మీదికీ వెళ్లగలిగే ఈ ట్రక్కుకు ఇంజను లేదు, స్టీరింగు లేదు, చాలావాటికి బ్రేకులు కూడా లేవు; ఉన్నదల్లా ఒక తొట్టి, ఇరుసు, చక్రాలు. అందువల్ల దాని క్షేమం దాదాపు పూర్తిగా టైర్ల మీదే ఆధారపడి ఉంటుంది. అయినప్పటికీ టైర్లకు పెట్టే ఖర్చులో దానిది ఎప్పుడూ చివరి వంతే: ట్రాక్టరు పెద్ద చక్రాలకు పేరున్న కంపెనీ కొత్త టైర్లు వేయించే రైతే ట్రక్కు దగ్గరికి వచ్చేసరికి లారీ మీద అరిగి దిగిన పాత టైరునో, రీబటన్ వేసిన టైరునో వెతుకుతాడు, గ్రిప్పు ఎంత మిగిలిందో వేలితో తడిమి చూసి బేరం కుదుర్చుకుంటాడు. గ్రిప్పు చూసి కొనే ఈ అలవాటు బండిని లాగే చక్రానికి తగినదే గాని లాగించుకునే చక్రానికి తగినది కాదు, ఎందుకంటే ఈ రెండు చక్రాలూ చేసే పనులు వేరు, అవి చెడిపోయే తీరులూ వేరు.

ట్రాక్టరు వెనక చక్రం ఇంజను బలాన్ని నేలకు అందించాలి; దమ్ములో జారకుండా బురదను పట్టుకోవడానికే దానికి ఎత్తైన గట్లు, వెడల్పాటి ఒళ్లు, తక్కువ గాలి. ట్రక్కు చక్రానికి ఆ బాధ్యత లేదు. అది బరువు మోయాలి, ఎదురు చెప్పకుండా దొర్లాలి, మలుపుల్లో పక్కకు ఈడ్చుకుపోయినా తట్టుకోవాలి. వాన పడిన తారు రోడ్డు మీద గ్రిప్పు బొత్తిగా లేని టైరు పక్కకు జారే ప్రమాదం ఉన్నదే, చట్టం కూడా దానిని గుర్తించింది: కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం నాలుగు చక్రాల వాహనాలకూ, అంతకు మించిన వాటికీ గ్రిప్పు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటె తగ్గకూడదు. కానీ ఏడాదిలో నాలుగైదు నెలలు మాత్రమే పనిచేసి, ఆ పనిలోనూ గంటకు పాతిక కిలోమీటర్లు మించని ట్రక్కుకు గ్రిప్పు పూర్తిగా అరిగేదాకా టైరు బతకడమే అరుదు. అంతకు ముందే బరువో, వేడో, పక్క ఒరిపిడో, వయసో దాన్ని తీసుకుపోతుంది.

టైరు ఎందుకు పేలుతుందో తెలియాలంటే అది బరువును ఎలా మోస్తుందో మొదట తెలియాలి. రబ్బరు స్వతహాగా మెత్తని, బలంలేని పదార్థం. చలికి బిరుసెక్కి, వేడికి జిగురయ్యే ఆ పదార్థాన్ని గంధకంతో కలిపి కాల్చితే సాగినా తిరిగి తన ఆకారానికి వచ్చే గుణం కలుగుతుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు; గొలుసుల్లాంటి దాని అణువుల మధ్య గంధకపు వంతెనలు ఏర్పడడమే అందుకు కారణం. గాలి నింపిన చక్రానికి 1845లో రాబర్ట్ థామ్సన్ పేటెంటు పొందినా, అది జనంలోకి వచ్చింది 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ చేతి మీదుగానే. నేటి లారీ టైరులో బలమంతా రబ్బరుది కాదు, దానిలో పొదిగిన నైలాను లేదా ఉక్కు తాళ్లది. ఆ తాళ్లను పొరలుగా పరిచి, ఉక్కు తీగల చుట్టకు మలిచి కట్టిన శరీరాన్ని కార్కాసు అంటారు. రిమ్ము అంచును పట్టుకుని కూర్చునే ఉక్కు తీగల చుట్టను బీడు అంటారు. పక్కగోడలూ నేలను తాకే గ్రిప్పు పొరా ఈ శరీరానికి తొడిగిన రబ్బరు చర్మం. కేరళలో విస్తారంగానూ, మారేడుమిల్లి మన్యంలో కొద్దిగానూ పండే సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు కంటె వంగినప్పుడు తక్కువ వేడెక్కుతుంది కాబట్టి బరువులు మోసే టైర్లలో దాని పాలు ఎక్కువ.

అయితే ఈ తాళ్లు కూడా బరువును నేరుగా మోయవు. మోసేది లోపలి గాలి. తాళ్లు ఆ గాలిని బంధించి ఉంచుతాయి, అంతే. టైరు మీద 2,000 కిలోల బరువు పడిందనుకుంటే, లోపలి గాలి ఒత్తిడి నేలను తాకే భాగపు వైశాల్యంతో గుణిస్తే దాదాపు ఆ బరువుకు సరిపోవాలి. గాలి దుకాణంలో పౌండ్లు అని పిలిచే కొలత చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడి ఉన్నదో చెబుతుంది. 70 పౌండ్లంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 4.9 కిలోలు. ఆ గాలితో 2,000 కిలోలు మోయడానికి టైరు నేలమీద సుమారు 400 చదరపు సెంటీమీటర్లు, అంటే జానెడు పొడవూ జానెడు వెడల్పూ ఉన్న చోటు ఆక్రమిస్తే చాలు. గాలి 50 పౌండ్లకు దిగితే అదే బరువుకు 570 దాకా కావాలి. పెరిగిన ఆ 170 చదరపు సెంటీమీటర్లు ఎక్కడినుంచో ఊడిపడవు; టైరు మరింత నలిగి, పక్కగోడ బయటికి ఉబ్బి, గ్రిప్పు అంచులు నేలకు ఒత్తుకుంటేనే వస్తాయి. తాళ్ల మందం, వాటి దృఢత్వం కొంత బరువును పంచుకుంటాయి గనుక ఈ లెక్క ఉజ్జాయింపే, కానీ దారి చూపడానికి చాలు.

ఆ నలుగుడే వేడికి మూలం. రబ్బరును వంచడానికి ఖర్చయిన శక్తి, అది తిరిగి నిలబడేటప్పుడు పూర్తిగా వెనక్కి రాదు. మిగిలిన భాగం వేడిగా మారి లోపలే నిలుస్తుంది. ఈ నష్టాన్ని శాస్త్రజ్ఞులు హిస్టెరిసిస్ అంటారు. ఇనుప తీగను ఒకేచోట ముందుకూ వెనక్కూ వంచుతుంటే ఆ చోటు వేలికి చురుక్కుమనేంత వేడెక్కి చివరికి తెగినట్లే, టైరు పక్కగోడ ప్రతి చుట్టులోనూ ఒకసారి నలిగి, ఒకసారి నిలుస్తుంది. ట్రక్కులకు మామూలుగా వాడే 9.00-16 సైజు టైరు ఒక కిలోమీటరు నడవడానికి సుమారు 370 చుట్లు తిరుగుతుంది. గంటకు ఇరవై కిలోమీటర్ల నడకలోనూ సెకనుకు రెండుసార్లు నలుగుతున్నట్లే. రబ్బరు వేడిని త్వరగా వదలదు. టైరులో అన్నిటికంటె మందమైన చోటు, అంటే గ్రిప్పు పక్కగోడతో కలిసే భుజం, లోపల పుట్టిన వేడిని బయటికి పంపలేక అన్నిటికంటె ఎక్కువ కాగుతుంది. వేడి పెరిగేకొద్దీ తాళ్లకూ రబ్బరుకూ మధ్య అతుకు బలహీనపడి, పొరలు విడిపోవడం మొదలవుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఒకనాడు భుజం దగ్గర చిన్న ఉబ్బు తేలుతుంది, మరికొద్ది రోజులకు పెద్ద చప్పుడుతో పేలుతుంది; పక్కనున్న వారు ఎండకు పేలిందని అంటారు. ఎండ ఆఖరి నెట్టు మాత్రమే నెట్టింది, పని మాత్రం అంతకు ముందే చాలా కాలంగా జరుగుతూ వచ్చింది.

ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి దీనికి తోడు నిలుస్తుంది. 2000 ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ కంపెనీ అమెరికాలో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు వేసినవి. గ్రిప్పు పొర ఊడిపోయి వాహనాలు బోల్తాపడిన ఆ ప్రమాదాలు వేడిమి ఎక్కువగా ఉండే దక్షిణ రాష్ట్రాలలో ఎక్కువగా జరిగాయి. టైరు తయారీలో లోపం ఎంత, ఫోర్డ్ సూచించిన 26 పౌండ్ల గాలి తక్కువ కావడం ఎంత, బరువు ఎంత అన్న వాదన రెండు కంపెనీల మధ్య ఏళ్ల తరబడి నడిచింది. ఎవరి వాటా ఎంతైనా, తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఎక్కువ వేడి ఒకచోట కూడితే ఏ టైరుకైనా గడ్డుకాలమేనన్నది మాత్రం ఆ వాదనలో ఎవరూ కాదనని సంగతి.

డెల్టాలో ఈ మూడూ కూడే కాలం క్యాలెండరులో గుర్తుపెట్టుకోదగినంత కచ్చితంగా వస్తుంది. సార్వా, అంటే వానాకాలపు వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల చల్లని వాతావరణంలో జరుగుతాయి గనుక ట్రక్కు టైర్లు ఆ రెండు నెలలూ ఎలాగో గట్టెక్కుతాయి. దాళ్వా, అంటే రెండో పంట కోతలు వచ్చేది ఏప్రిల్ ఎండల్లో. రాజమహేంద్రవరంలో గాలి వేడిమి 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో తారు రోడ్డు పైపొర 60 డిగ్రీలకు చేరగలదు. కోతల మధ్య అక్కడక్కడా ఇసుకకో, ఇటుకలకో తిరిగినా ఎక్కువ కాలం నిలబడి ఉన్న టైర్ల మీద, ఏడాదిలో అతి పెద్ద బరువులు అప్పుడే పడతాయి. వేడికి గాలి వ్యాకోచిస్తుందన్నది నిజమే: 30 డిగ్రీల వద్ద 70 పౌండ్లున్న గాలి 60 డిగ్రీలకు కాగితే సుమారు 78కి చేరుతుంది. దీన్ని చూసి వేసవిలో గాలి తగ్గించి కొట్టించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇది నూటికి నూరుపాళ్లు తలకిందులైన ఆలోచన. టైరు తయారుచేసేవారు ఆ పెరుగుదలను ముందే లెక్కలో వేసుకుని, చల్లగా ఉన్నప్పుడు ఎంత ఉండాలో పట్టికలో ఇస్తారు. గాలి తగ్గిస్తే టైరు ఎక్కువ నలిగి ఎక్కువ కాగుతుందే గాని చల్లబడదు. ఒత్తిడి తెల్లవారగట్ల, చక్రం కదలకముందు కొలిచినదే లెక్క. మిల్లు నుంచి తిరిగి వచ్చిన టైరును కొలిచి గాలి వదిలితే, మర్నాటి ఉదయానికి అది తక్కువ గాలితోనే మొదలవుతుంది.

కొత్త టైరు కొనే మనిషికి కావలసిన సమాచారంలో చాలా భాగం పక్కగోడ మీదే అచ్చయి ఉంటుంది. 9.00-16 అన్నదానిలో మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాలలో. పక్కనే 16 పి.ఆర్. అన్న గుర్తుంటే అది ప్లై రేటింగు. ఒకప్పుడు నూలు తాళ్లతో ఎన్ని పొరలు వేస్తే ఎంత బలం వచ్చేదో ఆ బలాన్ని సూచించే సంఖ్య అది. నైలాను నూలు కంటె చాలా దృఢమైనది గనుక 16 పి.ఆర్. టైరులో అసలు పొరలు అందులో సగమో ఇంకా తక్కువో ఉండవచ్చు, అది మోసం కాదు. దీనికంటె సూటిగా మాట్లాడేది లోడ్ ఇండెక్సు. 121 అంటే 1,450 కిలోలు, 130 అంటే 1,900, 132 అంటే 2,000, 140 అంటే 2,500. పక్కనుండే అక్షరం వేగాన్ని చెబుతుంది: ఎ8 అంటే గంటకు 40 కిలోమీటర్లు, ఎఫ్ అంటే 80, జె అంటే 100. 121/120 అని గీత పెట్టి రెండు అంకెలుంటే మొదటిది ఒంటరి చక్రానికీ, రెండవది జంట చక్రాలకూ వర్తిస్తుంది. భారతీయ టైర్ల సాంకేతిక సలహా సంఘం ప్రచురించే ప్రమాణ పట్టికల్లో ఒక్కో సైజుకు ఏ బరువుకు ఎంత గాలి ఉండాలో, వేగం తగ్గితే ఎంత అదనపు బరువు అనుమతించవచ్చో ఉంటుంది. మంచి టైర్ల దుకాణంలో ఆ పట్టిక అడిగితే చూపగలుగుతారు.

ఇప్పుడు బరువు. గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. నాలుగు చక్రాల ట్రక్కు ఖాళీగా సుమారు రెండు టన్నులు తూగుతుందనుకుని, దాని మీద 80 బస్తాలు వేస్తే మొత్తం 8,000 కిలోలు, చక్రానికి 2,000. అంటే 132 అంకె ఉన్న టైరుకు అది సరిగ్గా హద్దు. కానీ ఈ భాగహారం కాగితం మీద మాత్రమే సమంగా ఉంటుంది. యంత్రంతో కోసిన వెంటనే ఎత్తిన ధాన్యంలో తేమ ఎక్కువ, కొలత బస్తాదే అయినా తూకం పెరుగుతుంది. బస్తాలు వెనక వైపు ఎక్కువ పేరిస్తే వెనక ఇరుసు మీదే భారం పడుతుంది. కాలువ గట్టు ఒకవైపు వాలి ఉంటుంది గనుక ఎత్తుగా పేర్చిన బరువు పల్లం వైపు చక్రాల మీదికి ఒరుగుతుంది. ఇవి కలిసి ఒక చక్రం మీద అయిదో వంతు అదనంగా పడినా 2,400 కిలోలవుతాయి, అందుకు 140 అంకె ఉన్న టైరు చాలుతుంది. రెండు చక్రాల ట్రక్కయితే కొంత భారం హుక్కు మీదుగా ట్రాక్టరు మోస్తుంది, కానీ మిగిలినదంతా ఆ రెండు టైర్లదే. ఇసుక విషయం ఇంకా తీవ్రం. యూనిట్ అని పిలిచే 100 ఘనపుటడుగుల పొడి ఇసుక సుమారు నాలుగున్నర టన్నులు. ర్యాంపులో నీరు కారుతుండగానే ఎత్తిన ఇసుక అంతకంటె ఎక్కువే తూగుతుంది, తొట్టి పైన చెక్కలు బిగించి గోపురంగా పోస్తే ఎంత అవుతుందో చెప్పనక్కరలేదు. ఏ టైరు కొనాలన్న ప్రశ్నకు ముందు ఎంత బరువు వేస్తున్నామన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోక తప్పదు. పరిమితి మించిన బరువుకు మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా ఉంది. టైరు వేసే జరిమానా దానికి వేరు.

పక్కగోడ మీద నాలుగు అంకెల చిన్న గడి ఒకటి ఉంటుంది. 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందరిది, దాన్ని ముట్టుకోవలసిన పనే లేదు. ఇప్పుడు టైర్లు దూరం నుంచి రావలసిన అవసరం లేదు. తిరుపతి జిల్లాలోని చినపాండూరులో అపోలో కర్మాగారం 2020లోనూ, విశాఖ దగ్గరి అచ్యుతాపురంలో పొలం, గని పనుల టైర్లు చేసే ఏ.టి.సి. కర్మాగారం 2022లోనూ ఉత్పత్తి ప్రారంభించాయి. అయినా ఫ్యాక్టరీ దగ్గరైనంత మాత్రాన దుకాణంలో ఉన్న టైరు కొత్తదని కాదు. అంతగా అమ్ముడుపోని సైజు ఏళ్ల తరబడి అటక మీద ఉండిపోవచ్చు. బండికి ఎక్కకపోయినా టైరుకు వయసు ఆగదు.

వయసు టైరును రెండు దారుల్లో తింటుంది. గాలిలోని ఆక్సిజన్ రబ్బరు లోపలికి మెల్లగా ఇంకి, గంధకపు వంతెనలను మార్చి, సాగే గుణాన్ని తగ్గిస్తుంది. వేడి ఎంత ఎక్కువైతే ఈ మార్పు అంత వేగం. రెండవది ఓజోన్. గాలిలో అతి కొద్ది పరిమాణంలో ఉండే ఈ వాయువు సాగి ఉన్న రబ్బరు పైపొరలో అణువుల బంధాలను తెగగొట్టి, సాగిన దిక్కుకు అడ్డంగా సన్నని పగుళ్లు పుట్టిస్తుంది. దీనికి విరుగుడుగా టైరులో ఒక రకం మైనాన్నీ, రక్షక రసాయనాలనూ కలుపుతారు. అవి లోపలి నుంచి పైకి ఊరి పలుచని పొరగా ఏర్పడి ఓజోనును అడ్డుకుంటాయి. ఇక్కడే ట్రక్కుకు ప్రత్యేకమైన చిక్కు ఉంది: టైరు తిరుగుతూ, నలుగుతూ ఉంటేనే ఆ పొర నలిగి, మళ్లీ ఊరి, కొత్తదవుతూ ఉంటుంది. చెట్టు కిందో, గడ్డిమేటు పక్కనో నెలల తరబడి ఒకే భంగిమలో నిలిచిన టైరులో నేలకు పైన ఉబ్బి సాగిన భాగం రక్షణ లేకుండా ఓజోనుకు దొరికిపోతుంది. అందుకే రోజూ తిరిగే లారీ టైరు కంటె అప్పుడప్పుడు తిరిగే ట్రక్కు టైరు పక్కగోడ మీద పగుళ్లు ముందు కనిపిస్తాయి. మోటార్లలో, వెల్డింగులో పుట్టే మెరుపులు ఓజోనును తయారుచేస్తాయి గనుక మోటారు షెడ్డు పక్కనే ట్రక్కు నిలిపితే ఈ పని మరింత చురుకుగా సాగుతుంది.

ఈ చిక్కు గోదావరి జిల్లాలది మాత్రమే కాదు. అమెరికాలో సెలవు రోజుల్లో కారు వెనక తగిలించి సరస్సులకూ, అడవులకూ తీసుకువెళ్లే క్యాంపింగు ట్రెయిలర్లు, పడవ ట్రెయిలర్లు అక్కడి తెలుగు కుటుంబాలకూ పరిచితమైనవే. అవి ఏడాదిలో అధిక భాగం ఇంటి ముందు నిలిచి ఉండి, వేసవిలో ఒక్కసారిగా నిండు బరువుతో వందల మైళ్లు పరుగెత్తుతాయి. అందుకే అక్కడ లాగించుకునే బండికి వేరే రకం టైర్లు ఉన్నాయి. వాటి సైజు ముందు ఎస్.టి. అన్న అక్షరాలుంటాయి. వాటి పక్కగోడలు కారు టైరు కంటె బిరుసు, బరువు మోసే శక్తి ఎక్కువ, వేగపు హద్దు తక్కువ. చాలాకాలం వాటిలో ఎక్కువ వాటిని గంటకు 65 మైళ్లకే, అంటే 105 కిలోమీటర్లకే రూపొందించారు. గ్రిప్పు కొత్తగా మెరుస్తుండగానే వయసు మీరి పేలిపోవడం వాటి విషయంలో మామూలు ఫిర్యాదు. అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలనీ, గ్రిప్పు ఎంత ఉన్నా పదేళ్లకు మించి ఉంచవద్దనీ పలు టైరు కంపెనీలు చెప్పే మాట ఎండలో నిలిచే ట్రక్కుకు ఇంకా కఠినంగా వర్తిస్తుంది.

దిగుమతి అయిన మాటలు ఎలా ఉన్నా, డెల్టాలో అసలు బేరం జరిగేది పాత లారీ టైర్ల దగ్గర. పాత టైరు కొనడమే తప్పని చెప్పడం పుస్తకాల మాట. నెమ్మదిగా నడిచే ట్రక్కుకు సరైన సైజులో, సరైన బలంతో, నాలుగేళ్లలోపు వయసున్న లారీ టైరు మంచి బేరమే కావచ్చు. చూడవలసిన చోటు మాత్రం పైన కాదు, లోపల. టైరును నిలబెట్టి, లోపలి గోడ మీద అరచేతిని చుట్టూ తిప్పితే ఎక్కడో ఒకచోట నల్లని పట్టీలా గరుకుగా తగిలినా, చేతికి రబ్బరు పొడి అంటినా ఆ టైరు గాలి లేకుండా కొంతదూరం నడిచిందని అర్థం. దాని తాళ్లు లోపలే నలిగి ఉంటాయి, పైన గ్రిప్పు ఎంత బాగున్నా నిండు గాలి కొట్టినప్పుడు పక్కగోడ చీలవచ్చు. పక్కగోడను రెండు చేతులతో వెడల్పు చేసి పట్టుకుంటే పగుళ్లు నోరు తెరుస్తాయి. జుట్టంత సన్ననివైతే పైచర్మానివే, లోపల తాడు కనిపించే లోతువైతే ఆ టైరు నీటి తొట్టికి తప్ప మరి దేనికీ పనికిరాదు. బీడు దగ్గర ఉక్కు తీగ తుప్పు బయటపడితే బేరం అక్కడితో ఆపడం మంచిది.

రీబటన్ సంగతి కొంచెం భిన్నం. అరిగిన గ్రిప్పును గీకి, కొత్త రబ్బరు పొరను వేడితో అతికించే ఈ పనిలో పైభాగం కొత్తదవుతుంది గాని శరీరం పాతదే. అందుకే రీబటన్ టైరు వయసు దుకాణదారు చెప్పిన తేదీ నుంచి కాదు, పక్కగోడ మీది పాత నాలుగంకెల నుంచి లెక్కించాలి. శరీరం దృఢంగా ఉంటే ట్రక్కు వేగానికి రీబటన్ చాలినంత నమ్మదగినది. ఆ గడిని గీకేసిన టైరును మాత్రం ఎంత చవకైనా వదిలేయాలి. గీకినవాడికి అక్కడ ఏముందో తెలుసు.

తాళ్లు ఏటవాలుగా, ఒక పొరకు మరొకటి అడ్డంగా పరిచిన టైరును నైలాన్ టైరు అని బజారులో అంటారు. తాళ్లు అడ్డంగా బీడు నుంచి బీడుకు సూటిగా నడిచి, గ్రిప్పు కింద ఉక్కు పట్టీ ఉన్నది రేడియల్. రేడియల్ తక్కువ కాగుతుంది, దొర్లడానికి తేలిక. అయినా ట్రక్కుకు నైలాన్ టైరునే ఎంచడంలో అర్థముంది. దాని పక్కగోడ మందం. కాలువ గట్టు మీది రాళ్లు, కోసిన సరుగుడు మోళ్లు, ఇటుక ముక్కలు కోసినా తట్టుకుంటుంది, మలుపులో పక్కకు తూగదు. ఈ పక్క బలం ట్రక్కుకు లారీ కంటె ఎక్కువ అవసరం, ఎందుకంటే ఇరుకు పుంతల్లో ట్రాక్టరు దాదాపు లంబకోణంలో మలుపు తిరిగితే ట్రక్కు వెనక చక్రాలు, ముఖ్యంగా పక్కపక్కనే రెండు ఇరుసులున్న బండ్లలో, తిరగడానికి బదులు పక్కకు ఈడ్చుకుపోతాయి. అప్పుడు గ్రిప్పు అంచు ముక్కలు లేచిపోతుంది, బీడు రిమ్ము మీద నుంచి జారబోతుంది. నైలానుకు ఒక లోపం ఉన్నది: నిండు గాలి, బరువు, ఎండ ఉండగా కదలకుండా నిలిస్తే తాళ్లు నేలకు ఆనిన చోట బల్లపరుపు ఆకారాన్నే పట్టుకుంటాయి; కదిలిన మొదటి కొన్ని కిలోమీటర్లు ట్రక్కు దబదబమని కొట్టుకోవడానికి కారణం అదే. నడిచి వేడెక్కితే మామూలు స్థితికి వస్తుంది. ఒకే ఇరుసు మీద ఒకవైపు రేడియల్, మరొకవైపు నైలాన్ వేయడం మాత్రం ఎన్నడూ తగదు. ఒకే బరువుకు అవి వేర్వేరుగా నలుగుతాయి. ట్రక్కు చక్రాలు ఒకదానితో మరొకటి గేర్లతో ముడిపడి ఉండవు గనుక ఎత్తులో తేడా ఉన్నా పరవాలేదని అనుకునేవారున్నారు. కానీ పక్కపక్క ఇరుసులున్న చోట కొంచెం ఎత్తైన టైరే ముందు బరువు ఎత్తుకుంటుంది, అంటే కొత్తగా వేసిన టైరే ముందు అలసిపోతుంది.

భీమవరం, ఆకివీడు చెరువుల ప్రాంతంలో మరో శత్రువు ఉంది. రొయ్యల మేత, ఐసు, వలలు మోసే ట్రక్కు చక్రాలు ఉప్పునీటిలో తడుస్తూ ఉంటాయి. రబ్బరుకు ఉప్పు ఏమీ చేయదు. తుప్పు పట్టేది రిమ్ము. తుప్పు పొరలు పొరలుగా లేచి, ట్యూబును, ట్యూబుకూ రిమ్ముకూ మధ్య వేసే ఫ్లాపు అనే రబ్బరు పట్టీని కోస్తాయి. కొత్త టైరు వేసి, గుండుసూది కూడా దిగకుండానే గాలి పోతోందంటే ముందు రిమ్ము లోపల చూడాలి. రిమ్మును తీగ బ్రష్షుతో గీకి, రంగు వేసి ఆరిన తర్వాతే టైరు ఎక్కించడం, కొత్త టైరుతోపాటు ట్యూబు, ఫ్లాపు రెండూ కొత్తవే వేయడం అనవసరపు ఖర్చు కాదు. పాత టైరులో సాగి పెద్దదైన ట్యూబు కొత్త టైరులో ముడత పడి, ఆ ముడత దగ్గరే తెగుతుంది. డీజిలు, గ్రీజు మాత్రం రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి గనుక అవి పడిన చోట వెంటనే సబ్బునీటితో కడగాలి.

దాళ్వా ధాన్యం మిల్లులకు చేరిన తర్వాత, ఖాళీ ట్రక్కును ఇరుసు కింద చెక్క దిమ్మెలు పెట్టి చక్రాలు నేలకు ఆనకుండా లేపి ఉంచడం, టైర్లమీద ఎండ పడకుండా పాత గోనెపట్టాలు కప్పడం, గాలిని పూర్తిగా తీయకుండా టైరు ఆకారం నిలిచేంత ఉంచడం పూర్వం నుంచి జాగ్రత్తపరులు చేస్తున్నదే. దిమ్మెలు పెట్టే తీరిక లేకపోతే, పది పదిహేను రోజులకొకసారి ట్రక్కును నాలుగడుగులు ముందుకు జరిపినా నేలకు ఆనే చోటు మారుతుంది. సార్వా కోతలకు మళ్లీ తగిలించే ముందు ఉదయం చల్లదనంలో నిండు గాలి కొట్టించి, ఒక రాత్రి ఉంచి, మర్నాడు మళ్లీ కొలిస్తే, రెండు కొలతల మధ్య తేడా వచ్చిన చక్రం ఏదో మొదటి బస్తా ఎక్కకముందే తెలిసిపోతుంది.